పేర్లు పిలిచిన పిల్ల

నెల్లూరు,
జులై 6.

జబీనాకి,

కవరు చూసి కంగారు పడకు. ఎవరికీ ఏమీ కాలేదు, నా ఫోను కూడా పోలేదు. ఉత్తరం ఎందుకంటే మా జీవానందం సార్ రాయమన్నారు. "డైరీలో మనకి మనమే అబద్ధాలు చెప్పుకుంటాం. ఫోన్లో చెప్పింది మర్నాటికి గుర్తుండదు. ఉత్తరమైతే చదివేవాళ్లు మనల్ని పట్టుకుంటారు. ఒక్కొక్కరు ఒక మనిషిని ఎంచుకుని శిక్షణ అయ్యేదాకా రాయండి" అన్నారు. నన్ను పట్టుకోవడంలో నీ తర్వాతే ఎవరైనా. హాస్టల్లో ఏడేళ్లు నా పక్క మంచం నీదే కదా.

సీటొచ్చింది జబీనా! నాలుగు రోజుల నుంచి నాకు కాళ్లు నేల మీద లేవు. యానాది కుటుంబాలకి కౌన్సెలర్లుగా పనిచేయడానికి పన్నెండు మందిని తీసుకున్నారు. మూడు వారాలు ఇక్కడ పాఠాలు, తర్వాత ఒక్కొక్కరికి ఒక కాలనీ. ఇంట్లో చావు జరిగినవాళ్లు, తాగుడుతో చితికిపోయినవాళ్లు, ఆసుపత్రి గేటు దాటడానికి భయపడేవాళ్లు, వీళ్లందరి దగ్గరా కూర్చుని వినాలి. అక్టోబరులో సార్ వచ్చి చూస్తారు. కాలనీవాళ్లు తమంతట తాము వచ్చి మనతో మాట్లాడుతున్నారని ఆయనకి నమ్మకం కలిగితే సర్టిఫికెట్టు, అక్కడే ఉద్యోగం. లేకపోతే మూట సర్దుకోవడమే.

పన్నెండు మందిలో యానాది పిల్లని నేనొక్కదాన్నే. వాణి అని ఒక అమ్మాయి ఉంది, వరి పొలాలున్న ఇంటి పిల్ల, మంచిది. నిన్న అన్నం దగ్గర "వాళ్లు మనతో మాట్లాడతారంటావా?" అని దిగులుగా అడిగింది. "నీ సంగతి తెలీదు గానీ నాతో మాట్లాడతారు" అన్నాను. పొగరనుకున్నా సరే, నిజమే కదా. కృష్ణపట్నం వాగులో పీతలు, రొయ్యలు పట్టే వాళ్ల కూతుర్ని. నాకెవరు పాఠం చెప్పాలి?

సార్ మాత్రం చాలా చెప్తున్నారు. పుస్తకం నిండిపోతోంది. ఎవరైనా ఏడుస్తుంటే వెంటనే నీళ్లివ్వకూడదట, ఏడుపు ఆపమన్నట్టు అవుతుందట. నేను ఇన్నాళ్లూ ఎంతమందికి నీళ్లిచ్చానో తలుచుకుంటే నవ్వొస్తోంది. జవాబు తొందరగా రాయి.

నీ
మాలకొండ

—

గూడూరు,
జులై 13.

ఏమే కొండా,

పోస్టుమాన్ కవరు చేతిలో పెట్టి కదలకుండా నిలబడ్డాడు. కోర్టు నోటీసేమోనని ఆయన అనుమానం. అమ్మయితే నీకు పెళ్లి కుదిరిందని ఖాయం చేసేసుకుని, విప్పకముందే ఏ రంగు చీర పెట్టాలో ఆలోచించేసింది.

నువ్వు వినే ఉద్యోగానికి వెళ్లావా? హాస్టల్లో నేను కల చెప్పడం మొదలుపెడితే దాన్ని ముగించేది నువ్వు. నా కలలో ఏం జరిగిందో నాకంటే నీకే బాగా తెలిసేది. పాపం ఆ కాలనీ.

సరే, ఉడికించింది చాలు. నాకు చాలా సంతోషంగా ఉంది. నాన్న కూడా జాకెట్టు కుడుతూ కుడుతూ ఆపి, "ఆ పిల్ల గట్టిది, చేస్తాది" అన్నాడు. మా ఇమామ్ సాహెబ్ టైలర్ గారు మెచ్చుకోవడమంటే మాటలు కాదు, నా కుట్టు ఇంతవరకు ఒక్కసారి బాగుందనలేదు. కాలనీకి వెళ్లాక అన్నీ వివరంగా రాయి. షాపులో చదివి వినిపించమని ఆర్డరు.

నీ
జబీనా

—

దొరవారిసత్రం,
జులై 29.

జబీనా,

వచ్చేశాను. ఊళ్లో చిన్న గది. కాలనీ ఇక్కడికి ఐదు కిలోమీటర్లు, పులికాట్ సరస్సు ఒడ్డున. ముప్పై గడపలు. మొదటిసారి బస్సు దిగి కట్ట మీద నడుస్తుంటే ఉప్పుగాలి కొట్టి మా ఇంటి వాసనే వచ్చింది. ఆ వాసనకే సగం పని అయిపోయినట్టు అనిపించింది నాకు.

ఇక విను. మొదటి రెండు వారాలు కాగితం, కలం బయటికి తీయొద్దు, ఊరికే వెళ్లి కూర్చుని రండి అని సార్ చెప్పారు. అది వాణిలాంటి వాళ్ల కోసం. కొత్త మనుషులు కాబట్టి జనం బెదురుతారు. నాకు ఆ ఇబ్బంది లేదు కదా, రెండు వారాలు ఎందుకు పోగొట్టుకోవాలి? గ్రామ సచివాలయంలో ఇళ్ల యజమానుల పేర్లు తీసుకుని రిజిస్టరులో ఎక్కించాను. నిన్న అందరినీ కమ్యూనిటీ హాలుకి రమ్మని కబురు చేసి, కుర్చీలు వేయించి, హాజరు పిలిచాను.

జబీనా, నువ్వు చూడాల్సింది. మొదటి పేరు కామాక్షయ్య. కాలనీ పెద్ద, డెబ్బై ఐదేళ్లుంటాయి. పేరు పిలవగానే లేచి, భుజం మీది తువ్వాలు తీసి, చేతులు కట్టుకుని "ఉండాను" అన్నాడు. కుర్చీ చూపించినా నేల మీదే కూర్చున్నాడు. ఆయన్ని చూసి మిగతావాళ్లూ అంతే. ఒకరి తర్వాత ఒకరు లేవడం, తువ్వాలు తీయడం, "ఉండాను" అనడం. గుసగుస లేదు, ముచ్చట లేదు. ఒకాయన లేకపోతే భార్య పరుగెత్తుకొచ్చి "ఏటకి పోయినాడమ్మా, పొద్దుగూకేలోపల వచ్చేస్తాడు, యాడికీ పోలా" అని రెండుసార్లు చెప్పింది. ముప్పై ఇళ్లకి ముప్పై ఇళ్లూ పలికాయి. వాణికి ఫోన్ చేస్తే తన కాలనీలో ముగ్గురొచ్చారట. ఇంత మర్యాద, ఇంత క్రమశిక్షణ నేను మన బళ్లో కూడా చూడలేదు.

ఒక్క మనిషి దగ్గరే నా పాచిక పారలేదు. చెంచమ్మ అని, మన వయసే. మార్చిలో ఆమె భర్త రొయ్యల గుంట మోటారు దగ్గర కరెంటు షాకు కొట్టి చనిపోయాడు. అప్పటి నుంచి ఆమె ఒక్క మాట మాట్లాడలేదట. అసలు ఈ కాలనీకి కౌన్సెలర్ కావాలని అడిగిందే ఆమె కోసం. ఎదురుగా కూర్చుని "మీ మనసులో ఏముందో చెప్పండి" అన్నాను. లేచి వెళ్లిపోయింది. పర్వాలేదు, చెంచమ్మతో నేను మాట్లాడిస్తాను, చూస్తూ ఉండు.

గెలిచి వచ్చిన
మాలకొండ

—

గూడూరు,
ఆగస్టు 4.

కొండా,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చింపాను. ఫోన్ చేద్దామని కూడా చూశాను. ఫోన్లో నువ్వు నన్ను మాట్లాడనివ్వవు.

నీ ఉత్తరం నాన్నకి చదివి వినిపించాను. ఊరంతా లేచి నిలబడిందని చదువుతుంటే నాకే గర్వంగా ఉంది. "ఉండాను" దగ్గరికి వచ్చేసరికి నాన్న మిషన్ ఆపేశాడు. "మళ్లీ చదువు" అన్నాడు. తువ్వాలు తీసిన సంగతి రెండోసారి చదివించుకుని, కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు.

నాన్న చిన్నప్పుడు కొన్నాళ్లు వాళ్ల అమ్మమ్మ ఊళ్లో ఉన్నాడట. ఆ ఊళ్లో ఎవరింట్లో ఏ వస్తువు పోయినా ముందు యానాది మగవాళ్లని తెచ్చి పోలీసు స్టేషన్ ముందు వరసగా నేల మీద కూర్చోబెట్టేవాళ్లట. ఒక మనిషి రిజిస్టరు తీసి పేర్లు పిలిచేవాడు. పిలిచిన వాడు లేవాలి, తువ్వాలు తీయాలి, చేతులు కట్టుకోవాలి, ఉండానయ్యా అనాలి. లేనివాడి భార్య పరుగెత్తుకొచ్చి, ఎక్కడికీ పోలేదయ్యా, వచ్చేస్తాడయ్యా అని మొత్తుకునేది. అంతకుముందు వాళ్ల తాతల కాలంలో అయితే దొంగతనం జరిగినా జరగకపోయినా సాయంత్రానికి వెళ్లి హాజరు వేయించుకోవాలని చట్టమే ఉండేదట. చట్టం పోయినా అలవాటు పోలేదన్నాడు. నాన్న గోడ మీద కూర్చుని అది చూసేవాడు. "ఆడుకోను పోతా ఆగి చూసేవాణ్ణి, అదేదో తమాషా అనుకున్నా" అని, ఆ రోజు మళ్లీ మిషన్ తొక్కలేదు.

నీకు తెలియదనే అనుకుంటున్నాను. తెలిసుంటే అంత సంబరంగా రాసేదానివి కాదు. నాదే పొరపాటైతే నన్ను నాలుగు తిట్టు, పడతాను.

జబీనా

—

దొరవారిసత్రం,
ఆగస్టు 20.

జబీనా,

రెండు వారాలు నీ మీద కోపంగా ఉన్నాను. మా వాళ్ల సంగతి నాకు టైలర్ షాపు నుంచి తెలియాలా అని. ఇప్పుడు కోపం లేదు, సిగ్గుగా ఉంది.

అమ్మకి ఫోన్ చేసి అడిగాను. "మీ తాతనీ అట్నే పిలిచేవోళ్లు. నీకెందుకు చెప్పాల? బళ్లో అయ్యవారు పేరు పిలిస్తే నువ్వు నవ్వతా పలికేదానివంట. అది చాల్లే అనుకున్నాం" అంది. నేను ఆరేళ్లకే హాస్టల్లో చేరాను. నా పేరు ఎవరు పిలిచినా నాకు భయం వేయలేదు. అలా ఉండాలనే వాళ్లు నన్ను పంపారు. నేనేమో రిజిస్టరు పట్టుకుని తిరిగొచ్చాను.

హాజరు పిలిచిన మర్నాటి నుంచి కాలనీ ఖాళీ. నేను బస్సు దిగే వేళకి ఇళ్లన్నీ మూసి ఉంటాయి, అందరూ నీళ్లల్లోకి వెళ్లిపోయుంటారు. కామాక్షయ్య తాత ఒక్కడే కాలు నొప్పికి వెళ్లలేక వల బాగుచేసుకుంటూ కనిపించాడు. తప్పు చేశాను తాతా అన్నాను. "తప్పేముండాది తల్లీ. పిలిచినావు, పలికినాం" అన్నాడు, తల ఎత్తకుండా. తిట్టి ఉంటే బాగుండేది.

సార్‌కి అంతా చెప్పి రిజిస్టరు ఇచ్చేశాను. ఆయన అరవలేదు. "కాగితం తీయొద్దన్నాను గానీ ఎందుకో చెప్పలేదు. నీకు తెలిసే ఉంటుందనుకున్నాను. ఆ తప్పు నాది" అన్నారు. వేరే కాలనీకి మారుస్తానన్నారు. అక్కడ కొత్తగా మొదలుపెడితే అక్టోబరుకి గట్టెక్కవచ్చట. ఇక్కడే ఉంటే కష్టం. ఆదివారం లోపల చెప్పాలి. ఈ ఉద్యోగం నాకెంత కావాలో నీకు తెలుసు. కానీ నేను మారిపోతే చెంచమ్మకి ఈ ఏడాది ఇంకెవరూ రారు.

మాలకొండ

—

గూడూరు,
ఆగస్టు 23.

కొండా,

మారబాకు. ఇది సలహా కాదు, మా నాన్న ఆర్డరు. రోజూ "ఆ పిల్ల మళ్లా పోయిందా?" అని అడుగుతున్నాడు. స్పీడు పోస్టులో పంపుతున్నాను, ఆదివారానికి ముందే అందాలి.

నాకు మీ చదువులు తెలియవు. నా షాపులో నేను చూసింది చెప్తాను. కొలత తీయడానికి ఎదురుగా నిలబడితే ఏ ఆడమనిషీ నోరు విప్పదు. వెనక్కి తిప్పి భుజాలు కొలుస్తుంటే అప్పుడు మొదలుపెడుతుంది. మొగుడి సంగతి, అత్త సంగతి, డాక్టరు చెప్పిన సంగతి, అన్నీ గోడకి చెప్తున్నట్టు చెప్తుంది. నేను టేపు చుట్టేస్తే ఆపేస్తుంది. అందుకని ఒక్కో భుజం రెండుసార్లు కొలుస్తుంటాను.

నువ్వు ఆ చెంచమ్మకి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నావు. నేనైనా లేచిపోయేదాన్ని.

జబీనా

—

దొరవారిసత్రం,
సెప్టెంబరు 18.

జబీనా, జబీనా,

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. చేతులు దురద, కాళ్లు నీళ్లకి నానిపోయాయి, అయినా నా అంత సంతోషంగా ఈ జిల్లాలో ఎవరూ లేరు.

మారనని సార్‌కి చెప్పేశాను. బస్సు కోసం చూడకుండా తెల్లవారేసరికి నడిచి సరస్సు ఒడ్డుకి వెళ్లాను. ఆడవాళ్లు నడుముకి బుట్టలు కట్టుకుని రొయ్యలకి దిగుతున్నారు. నేనూ రావచ్చా అంటే ఎవరూ రమ్మనలేదు, వద్దనలేదు. చుడీదారు పైకి దోపుకుని దిగాను.

ఈ ఆడవాళ్లు వల వాడరు. నడుములోతు నీళ్లల్లో వరసగా వంగి, కాళ్లతో బురద తడుముతూ, రొయ్య తగలగానే చేత్తో ఒడిసి పట్టి బుట్టలో వేస్తారు. మా అమ్మ రోజూ చేసే పనే. నాకు ఒక్క రొయ్య దొరకలేదు. మొదటిరోజు మూడుసార్లు పడ్డాను. మూడోసారి బుట్టతో సహా మునిగితే ఒక ముసలమ్మ "చదువుకున్నోళ్లకి నీళ్లు కూడా దారియ్యవు" అంది. వరసంతా నవ్వింది. ఆ నవ్వు విని నాకు ప్రాణం లేచొచ్చింది.

మూడోరోజు నా పక్కన చెంచమ్మ ఉంది. నేను అడుగేసిన ప్రతిసారీ నీళ్లు మడ్డి అయిపోయి ఆమె రొయ్యలు కూడా పారిపోతున్నాయి. కాసేపు ఓర్చుకుంది. తర్వాత నావైపు చూడకుండానే, "కాలెత్తబాకు. ఈడ్చు" అంది.

వరస మొత్తం ఆగిపోయింది. మార్చి తర్వాత ఆమె మొదటి మాట అది. నాకు గట్టిగా అరవాలనిపించింది, ఆమెని కావలించుకోవాలనిపించింది. నువ్వు నమ్మవు గానీ నోరు మూసుకున్నాను. కాలు ఈడ్చి, "ఇట్టానా?" అన్నాను. "ఊఁ. ఇంకా నిదానంగా" అంది. అంతే ఆ రోజుకి.

ఆ మధ్యాహ్నం ఒడ్డున అందరూ రొయ్యలు ఏరుతుంటే నా మాట చెప్పాను. మా తాత పేరు పోలయ్య, ఆయన్నీ అట్నే వరసలో కూర్చోబెట్టి పిలిచేవాళ్లంట, నెల కిందటి దాకా నాకు తెలీదు, తెలిసుంటే మిమ్మల్ని పిలిచేదాన్ని కాదు అన్నాను. కామాక్షయ్య తాత "పోలయ్యది ఏ ఊరు?" అని అడిగాడు. చెప్పాను. అప్పుడు ఆయన వాళ్ల నాన్న సంగతి చెప్పాడు. పొద్దుపోయేదాకా చెప్పాడు. అక్కడున్న పిల్లలెవరూ అది అంతకుముందు వినలేదు, పక్కనే ఉన్న ఆయన కొడుకు కూడా.

ఇప్పుడు రోజూ నీళ్లల్లోనే నా పని. అందరి ముఖాలూ బురద వైపు, ఎవరూ ఎవరినీ చూడరు. నీ భుజాల కొలత సంగతి సార్‌కి చెప్తే రాసిపెట్టుకున్నారు. వారం తర్వాత చెంచమ్మ తన భర్త గురించి మొదలుపెట్టింది. ఏం చెప్పిందో నీకు రాయను. నీకు ఇంతవరకు నేను దాచింది ఏదీ లేదు, ఇదే మొదటిది. అడగబాకు.

బురదలో
మాలకొండ

—

గూడూరు,
సెప్టెంబరు 24.

కొండా,

రాయనన్నావని ఒక పూట ఉడుక్కున్నాను. "నాకు కూడానా?" అని నాన్నతో అంటే, "నీకు చెప్పుంటే ఆ పిల్ల ఆ పనికి పనికిరాదు" అన్నాడు. సరే, అడగను.

నీ ఉత్తరం ఈసారి షాపులో గట్టిగా చదవలేదు. నాన్నకి మాత్రం చదివాను. విని, కామాక్షయ్య గారికి ఎన్నేళ్లని అడిగాడు. డెబ్బై ఐదని చెప్పాను. "నాకంటే మూడేళ్లు పెద్ద" అన్నాడు.

సార్ వచ్చే రోజు మంచి బట్టలు కట్టుకో. బురద బట్టలతో నిలబడేవు.

జబీనా

—

దొరవారిసత్రం,
అక్టోబరు 10.

జబీనా,

నిన్న సార్ వచ్చారు. నేను బురద బట్టల్లోనే ఉన్నాను, తిట్టుకో.

హాలు తెరవలేదు. ఒడ్డున అందరూ రొయ్యలు ఏరుతుంటే సార్ చెప్పులు విడిచి వాళ్ల మధ్య కూర్చున్నారు. ఏరడం తెలియక పొట్టు తీయబోతే ముసలమ్మ చేతిలోంచి లాగేసుకుంది. ఆయన ఎవర్నీ ఏమీ అడగలేదు. రెండు గంటలు ఊరికే విన్నారు. చెంచమ్మ ఆయన ముందే నన్ను రెండుసార్లు కసిరింది. నాకు అంతకంటే ఏం కావాలి? గట్టెక్కేశాననుకున్నాను.

లేవబోయే ముందు సార్, "ఈ పిల్లకి కౌన్సెలర్ అని సర్టిఫికెట్టు ఇవ్వాలి. ఇవ్వమంటారా? మీరు చెప్పినట్టే చేస్తాను" అన్నారు. ఇలా అడుగుతారని నాకు ముందు చెప్పలేదు. వాళ్లందరూ లేచి అవతలికి వెళ్లి గుంపుగా నిలబడి మాట్లాడుకున్నారు. ఎంతసేపు మాట్లాడుకున్నారో. మొదటిరోజు వరసలో నిలబడ్డ వాళ్లే అందరూ.

కామాక్షయ్య తాత ముందుకొచ్చాడు. తువ్వాలు భుజం మీదే ఉంది, చేతులు ఊపుకుంటూ వచ్చాడు. "ఇప్పుడే ఇయ్యబాకండయ్యా" అన్నాడు.

అయిపోయింది, నన్ను క్షమించలేదు అనుకున్నాను. సార్ కూడా తెల్లబోయారు. "ఎందుకు తాతా? ఏం తప్పు చేసింది?" అన్నారు.

"తప్పేం లేదయ్యా. కాయితం చేతికిస్తే ఎల్లిపోద్ది. ముందు టీచరమ్మొకామె వొచ్చింది, మంచిది, కాయితమొచ్చింది, పోయింది. నర్సమ్మా అంతే. ఈ పిల్లకి మీరు ఇయ్యబాకండి" అన్నాడు.

వెనక నుంచి చెంచమ్మ, "ఇంకా ఏమీ నేర్చుకోలా సార్. ఇంకొంచెం నాళ్లు ఈడ్నే ఉండనీండి" అంది. అంత పొడుగు మాట ఆమె నలుగురి ముందు మాట్లాడటం అదే మొదలు.

నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఎవరూ నీళ్లు ఇవ్వలేదు. సార్ కళ్లు తుడుచుకుని, నిదానంగా విడమరిచి చెప్పారు. ఈ కాగితం ఇస్తే వెళ్లిపోదు తాతా, ఇస్తేనే ఇక్కడ ఉంటుంది, జీతమిచ్చి మేమే ఇక్కడ ఉంచుతాం, రెండేళ్లు అని.

తాత ఆ మాట వెనక్కి తిరిగి అందరికీ చెప్పాడు. మళ్లీ ఏదో మాట్లాడుకున్నారు. తర్వాత సార్ దగ్గరికి రాకుండా నేరుగా నా దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"రెండేండ్లేనా?" అన్నాడు.

నీ
మాలకొండ